ఎడిటర్లోంచే ఫోల్డర్ల చెత్త తీయడం: డైర్డ్, విడిర్, వీఎస్ కోడ్‌లలో ఎవరికి ఏది సరిపోతుంది?

ఒకే ఫోల్డర్‌లో పది ఫైళ్ళు తీసేయడానికి ఎవరి సలహా అక్కర్లేదు. ఇబ్బందంతా ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకోటి, అలా కింద ఎక్కడెక్కడో పడి ఉన్న చెత్తతోనే. ఎడిటర్ వదిలేసిన బ్యాకప్ కాపీలు, టెక్ (TeX) అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్‌లో డాక్యుమెంట్ కంపైల్ చేసిన ప్రతిసారీ పుట్టే ఆక్స్, టాక్ ఫైళ్ళు, పైథాన్ వదిలే పైక్యాష్ ఫోల్డర్లు, ప్యాచ్ (కోడ్ మార్పుల ఫైలు) అతకనప్పుడు మిగిలిపోయే రెజ్ ఫైళ్ళు, ఎప్పుడో ఆపేసిన ప్రాజెక్టులో వేల ఫైళ్ళతో కూర్చున్న నోడ్ మాడ్యూల్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీల ఫోల్డర్. ఫైల్ మేనేజర్ తెరిచి ఒక్కో ఫోల్డర్‌లోకి దిగి, ఏరి, మళ్ళీ పైకొచ్చి... సగంలోనే విసుగొస్తుంది. విసుగొచ్చాక చెయ్యి తొందరపడుతుంది, అక్కడే ఉండాల్సిన ఫైలు పోతుంది.

ఈ పని ఎడిటర్లోంచే చేసుకోవచ్చు. ఫైళ్ళ పేర్ల జాబితా కూడా టెక్స్టే కదా. వెతకడం, వడకట్టడం, ఒక దెబ్బకు వంద లైన్లు మార్చడం మీ ఎడిటర్‌కు ఎలాగూ వచ్చు, ఆ కీలు మీ వేళ్ళకు ఎలాగూ తెలుసు. అయితే అన్ని ఎడిటర్లూ ఈ పనిని ఒకేలా చేయవు. ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడానికి నేను రెండే చూస్తాను. లోపలి ఫోల్డర్లన్నిటి ఫైళ్ళూ ఒకే జాబితాగా కళ్ళ ముందుకు వస్తాయా? పొరపాటున డిలీట్ చేస్తే వెనక్కి తెచ్చుకునే దారి ఉందా? రంగులు, ఐకాన్లు, వేగం అన్నీ వీటి తర్వాతే. ఈ రెంటికీ గట్టిగా అవునని చెప్పే పనిముట్లు చాలా తక్కువ.

ముందుగా ఒక హెచ్చరిక. చెత్తలా కనిపించేదంతా చెత్త కాదు. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో పేరుకు రెండువైపులా # గుర్తు ఉన్న ఫైలు ఆటోసేవ్ కాపీ. మీరు సేవ్ చేయకముందే కరెంటు పోయి ఉంటే, ఆ పని మిగిలి ఉన్నది అందులోనే. విమ్ అనే ఇంకో ఎడిటర్ వదిలే స్వాప్ ఫైలు కూడా అంతే. అసలు ఫైలు ఒకసారి తెరిచి రికవర్ చేసుకోవాల్సింది ఏమన్నా ఉందేమో చూసుకున్నాకే వాటి జోలికి వెళ్ళాలి. చివర ~ ఉన్న బ్యాకప్‌లతో అంత టెన్షన్ లేదు, అవి సేవ్ అయిన ఫైలుకు పాత రూపాలు మాత్రమే.

ఈమాక్స్ వాడేవాళ్ళు: డైర్డ్

మీరు ఇప్పటికే ఈమాక్స్‌లో ఉంటే వేరేది వెతకాల్సిన పని లేదు. డైర్డ్ అనే ఫోల్డర్ జాబితా పనిముట్టు దానితోనే వస్తుంది, ఈ పనికి నాకు తెలిసినవాటిలో ఇదే మొదటి స్థానం.

దీని పద్ధతే వేరు. ఫైలు పేరు మీద డి నొక్కితే ఆ లైను మొదట్లో పెద్ద డి అక్షరం పడుతుంది. ఇంకా ఏదీ పోలేదు. అలా ఎన్నైనా గుర్తులు పెట్టుకుంటూ పోవచ్చు, మనసు మారితే యు నొక్కి గుర్తు తీసేయవచ్చు. ఎక్స్ నొక్కినప్పుడే అసలు పని మొదలవుతుంది. అప్పుడు కూడా పోబోయే పేర్లన్నీ వేరే కిటికీలో చూపించి, మీ చేత యెస్ అని మూడక్షరాలూ టైప్ చేయించుకుంటుంది. వై ఒక్కటి నొక్కితే ఒప్పుకోదు. కొత్తలో ఇది చిరాకు తెప్పిస్తుంది, కానీ ఆ చిరాకు ఉండాల్సిందే.

చెత్త ఏరడానికి రెడీమేడ్ కీలు కూడా ఉన్నాయి. ~ నొక్కితే కనిపిస్తున్న బ్యాకప్ ఫైళ్ళన్నిటికీ గుర్తు పడుతుంది. # నొక్కితే ఆటోసేవ్‌లకు. % తర్వాత & నొక్కితే ఆక్స్, లాగ్, టాక్, డీవీఐ, బ్యాక్, ఆరిజ్, రెజ్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నవాటికి. ఈ చివరిది టెక్ వాడేవాళ్ళ రోజులను గుర్తుచేసే జాబితా. సర్వర్‌లో మాత్రం జాగ్రత్త, అక్కడ లాగ్ అంటే చెత్త కాకపోవచ్చు. నంబర్లతో బ్యాకప్‌లు ఉంచుకునేవాళ్ళకు చుక్క కీ ఉంది: ప్రతి ఫైలుకూ అన్నిటికన్నా పాతవి రెండు, కొత్తవి రెండు ఉంచి మధ్యవాటికి గుర్తు పెడుతుంది.

ఇవన్నీ తెర మీద ఉన్న జాబితాకే వర్తిస్తాయి. మరి లోపలి ఫోల్డర్ల సంగతి? మూడు దారులున్నాయి. ఫోల్డర్ పేరు మీద ఐ నొక్కితే దాని జాబితా అదే బఫర్‌లో (ఎడిటర్‌లో తెరిచిన పేజీలో) కింద చేరుతుంది. రెండు మూడు ఫోల్డర్లకైతే హాయి. లేదా డైర్డ్‌ను కంట్రోల్-యుతో తెరిచి, ఎల్ఎస్ (ఫైళ్ళ జాబితా ఇచ్చే కమాండ్) ఆప్షన్లలో పెద్ద ఆర్ చేర్చితే మొత్తం ఒకేసారి ఫోల్డర్ల వారీగా వచ్చేస్తుంది. మధ్యలో నోడ్ మాడ్యూల్స్ ఉందా, బఫర్ బరువెక్కి మీరు స్క్రోల్ చేస్తూనే ఉంటారు.

మూడోది ఫైండ్-నేమ్-డైర్డ్. నేను అందరికీ చెప్పేది ఇదే. ఏ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది, తర్వాత పేరు నమూనా అడుగుతుంది. అక్కడ *~ అని కొడితే ఎంత లోతులో ఉన్న బ్యాకప్ అయినా ఒకే పొడవాటి జాబితాలోకి వస్తుంది. దీని అన్న ఫైండ్-డైర్డ్ నేరుగా ఫైండ్ (ఫైళ్ళు వెతికే టెర్మినల్ కమాండ్) ఆప్షన్లనే తీసుకుంటుంది. వంద ఎంబీ దాటినవి, ఆరు నెలలుగా ఎవరూ మార్చనివి, ఖాళీ ఫోల్డర్లు, ఇలా ఏదైనా అడగొచ్చు. ఫైండ్ ఇక్కడ వెతికి ఊరుకుంటుంది, డిలీట్ నిర్ణయం మీ చేతిలోనే ఉంటుంది.

జాబితా వచ్చాక చాలామందికి తెలియని కీ ఒకటుంది: కె. ఉంచుకోవాల్సినవాటిని ఎమ్‌తో మార్క్ చేసి కె నొక్కితే ఆ లైన్లు తెర మీంచి తప్పుకుంటాయి, డిస్క్ మీద ఫైళ్ళు భద్రంగానే ఉంటాయి. అలా ఒక్కో గుంపునూ పక్కకు తప్పిస్తూ పోతే చివరికి పోవాల్సినవే మిగులుతాయి. అప్పుడు టి నొక్కి అన్నిటినీ మార్క్ చేసి, పెద్ద డి. తీసేయాల్సినవి ఏరడం కన్నా ఉంచాల్సినవి తప్పించడం కంటికి తేలిక, ముఖ్యంగా జాబితా మూడు నాలుగు స్క్రీన్లు దాటినప్పుడు.

వెనక్కి తెచ్చుకునే విషయంలో మాత్రం డైర్డ్ డిఫాల్ట్‌గా కఠినం. డిలీట్ అంటే డిలీటే. డిలీట్-బై-మూవింగ్-టు-ట్రాష్ అనే సెట్టింగ్ ఆన్ చేసుకుంటే ఫైళ్ళు ట్రాష్‌లోకి వెళ్తాయి. డైర్డ్ వాడటం మొదలుపెట్టిన రోజే ఇది పెట్టుకోండి. ఒకటే చిక్కు: డిస్క్ నిండిపోయిందని శుభ్రం చేస్తుంటే, ట్రాష్ ఖాళీ చేసేదాకా ఒక్క బైటు కూడా ఖాళీ కాదు. లోపల ఫైళ్ళున్న ఫోల్డర్‌ను తీసేస్తుంటే డైర్డ్ పైస్థాయిలో ఒక్కసారి అడుగుతుంది. అసలు అడగొద్దని మార్చుకునే వీలుంది కానీ మార్చకండి.

తీసేయడం వద్దు, పేర్లు సరిచేస్తే చాలనుకుంటే కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-క్యూ నొక్కండి. జాబితా మామూలు టెక్స్ట్‌లా ఎడిట్ అవుతుంది. స్పేసులన్నీ హైఫన్లుగా మార్చాలంటే ఒక్క రీప్లేస్ చాలు. కంట్రోల్-సి రెండుసార్లు నొక్కేదాకా డిస్క్ మీద ఏమీ మారదు.

విమ్, నియోవిమ్ వాళ్ళు: విడిర్

విమ్‌తో వచ్చే నెట్ఆర్‌డబ్ల్యూ అనే ఫైల్ బ్రౌజర్ ఈ పనికి సరిపోదు. ఒక ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్ళు తీయడానికి బాగానే ఉంటుంది, లోతుకు దిగేసరికి చేతులెత్తేస్తుంది. పైగా డైర్డ్ అలవాటైన చేతికి ఇంకో గందరగోళం: ఇందులో చిన్న డి నొక్కితే కొత్త ఫోల్డర్ పేరు అడుగుతుంది, డిలీట్‌కు పెద్ద డి నొక్కాలి.

నియోవిమ్‌లో ఆయిల్ అనే ప్లగిన్ చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. ఫోల్డర్ ఒక బఫర్‌లా తెరుచుకుంటుంది, లైను తీసేసి సేవ్ చేస్తే ఫైలు పోతుంది, ముందు ఏం జరగబోతోందో చూపించి అడుగుతుంది. ట్రాష్‌లోకి పంపే సెట్టింగ్ కూడా ఉంది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. కానీ ఒకసారికి ఒక ఫోల్డరే కనిపిస్తుంది. ఫోల్డర్ లైను తీసేస్తే అడిగేటప్పుడు దాని పేరొక్కటే చూపిస్తుంది, లోపల ఏముందో చెప్పదు. నా మొదటి ప్రశ్న దగ్గరే ఇది తప్పిపోతుంది.

అందుకే విమ్ వాళ్ళకు నా సలహా విడిర్. ఇది ప్లగిన్ కాదు, మోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో వచ్చే చిన్న ప్రోగ్రామ్. డెబియన్, ఉబుంటు రిపాజిటరీల్లో ఉంది, మ్యాక్‌లో హోమ్‌బ్రూతో వస్తుంది. టెర్మినల్‌లో ఫైండ్ ఇచ్చే జాబితాను పైప్ చేసి విడిర్‌కు ఒక హైఫన్‌తో అందిస్తే, ఆ పేర్లన్నీ మీ ఎడిటర్‌లో తెరుచుకుంటాయి. ప్రతి లైనులో ముందు ఒక నంబరు, తర్వాత ట్యాబ్, తర్వాత ఫైలు దారి. లైను తీసేస్తే ఫైలు పోతుంది. దారి మారిస్తే ఫైలు పేరు మారుతుంది. నంబరు మాత్రం ముట్టుకోకూడదు, ఏ లైను ఏ ఫైలుదో విడిర్ గుర్తుపట్టేది దానితోనే.

విమ్ బలం మొత్తం ఇక్కడ పనికొస్తుంది. జి కమాండ్‌తో బ్యాక్ అని ముగిసే లైన్లన్నీ ఒక్కసారే తీసేయవచ్చు. వి కమాండ్‌తో, ఉంచాల్సినవి తప్ప మిగతావి తీసేయవచ్చు. ఎడిటర్‌లో ఉన్నంతసేపూ అన్‌డూ పనిచేస్తుంది. సేవ్ చేసి బయటికి వచ్చాక మాత్రం అంతే సంగతులు: నిజంగానా అని అడగదు, ట్రాష్ లేదు. జాబితా మధ్యలో అలవాటుగా పెద్ద జి దాకా, అంటే చివరిదాకా, డిలీట్ కొట్టి సేవ్ చేసి బయటపడితే కిందున్నవన్నీ పోయినట్టే. అనుమానం వస్తే విమ్‌లో సీక్యూ కమాండ్‌తో బయటికి రండి. ఎడిటర్ ఎర్రర్‌తో ఆగిందని చూసి విడిర్ ఏమీ ముట్టుకోకుండా వెనక్కి తగ్గుతుంది. విడిర్ మొదటిసారి వాడేముందే ఈ కమాండ్ నేర్చుకోవాలి.

విడిర్, లోపల ఫైళ్ళున్న ఫోల్డర్‌ను తీయదు, ఖాళీ ఫోల్డర్లనే తీస్తుంది. లోటులా కనిపించినా నాకిది ప్లస్ పాయింటే, మీరు చూడని ఫైలు ఏదీ పోదు. ఇంకో మంచి సంగతి, ఇది విమ్‌కే పరిమితం కాదు. ఎడిటర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏది పెడితే అదే తెరుస్తుంది. నానో వాడేవాళ్ళకు కూడా పనికొస్తుంది.

ఫైండ్ జాబితాను బఫర్‌లోకి చదివించి, ప్రతి లైను ముందూ ఆర్ఎమ్ (ఫైళ్ళు తీసేసే కమాండ్) అని చేర్చి, బఫర్‌ను షెల్‌కు పంపే చిట్కా కూడా విమ్ వాళ్ళలో ప్రచారంలో ఉంది. పేర్లలో స్పేస్ లేనంతకాలం పనిచేస్తుంది. మన ఫోన్లలోంచి, వాట్సాప్‌లోంచి వచ్చే ఫైళ్ళకు స్పేసులు, బ్రాకెట్లు, అపాస్ట్రఫీలు ఎన్ని ఉంటాయో తెలుసు కదా. విడిర్ చేతిలో ఉండగా ఆ సాహసం ఎందుకు?

వీఎస్ కోడ్ వాళ్ళు

వెనక్కి తెచ్చుకునే విషయంలో వీఎస్ కోడ్‌కే మంచి మార్కులు. ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేస్తే డిఫాల్ట్‌గా రీసైకిల్ బిన్‌లోకో ట్రాష్‌లోకో వెళ్తుంది, కంట్రోల్-జడ్‌తో వెనక్కి తెచ్చుకునే వీలు కూడా ఉంది. అయితే ఫోల్డర్ మొత్తం తీసినప్పుడు కంట్రోల్-జడ్‌ను నమ్ముకోకుండా బిన్‌లో వెతుక్కోవడమే మంచిది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరంగా ఉన్న సర్వర్ ఫోల్డర్ తెరిచినప్పుడు ఆ ట్రాష్ కూడా ఉండదు. డైలాగ్ బాక్సులో శాశ్వతంగా అని వస్తుంది, దాన్ని చదవకుండా ఎంటర్ కొట్టే అలవాటు మానుకోవాలి.

లోపలి ఫోల్డర్లన్నిట్లో ఫలానా పేరున్నవి ఏరి తీసేయడానికి మాత్రం ఇందులో డైర్డ్ లాంటిది లేదు. సెర్చ్ పానెల్ వెతికేది ఫైళ్ళ లోపలి టెక్స్ట్‌ను, పైగా గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామ్) పట్టించుకోనివాటిని అది కూడా వదిలేస్తుంది. మనం ఏరాలనుకునే చెత్త ఎక్కువగా వాటిలోనే ఉంటుంది! సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూడ్ జాబితాలో పేరు చేర్చి, శుభ్రమైపోయిందని అనుకునేవాళ్ళూ ఉన్నారు. అది దాచిపెట్టడమే, ఫైళ్ళు డిస్క్ మీద అలాగే ఉంటాయి.

ఇంకోటి గమనించాలి. ఒకే పిల్ల ఫోల్డర్ ఉన్నప్పుడు వీఎస్ కోడ్ రెండు మూడు ఫోల్డర్ల పేర్లను ఒకే లైనులో కలిపి చూపిస్తుంది. డిలీట్ నొక్కేముందు ఆ లైనులో ఏ పేరు మీద ఉన్నారో చూసుకోవాలి. ఈ పద్ధతి నచ్చకపోతే కాంపాక్ట్ ఫోల్డర్స్ అనే సెట్టింగ్ ఆఫ్ చేయొచ్చు.

కాబట్టి వీఎస్ కోడ్ వాళ్ళు పదిహేను ఇరవై ఫైళ్ళ దాకా ఎక్స్‌ప్లోరర్‌తో కానివ్వండి. అంతకు మించితే అందులోని టెర్మినల్ తెరిచి విడిర్ వాడండి. ఎడిటర్ వేరియబుల్‌లో వీఎస్ కోడ్‌నే పెట్టుకుని దానికి వెయిట్ ఆప్షన్ చేర్చితే, జాబితా అక్కడే ట్యాబ్‌గా తెరుచుకుంటుంది. ఆ ట్యాబ్ మూసేదాకా విడిర్ ఆగి ఉంటుంది. విండోస్‌లో నేరుగా దొరకదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్) కావాలి.

ఫైండ్‌తో నేరుగా డిలీట్ చేస్తే?

అన్నిటికన్నా వేగం ఇదే, అన్నిటికన్నా ప్రమాదం కూడా ఇదే. ఫైండ్ తన ఆప్షన్లను ఎడమ నుంచి కుడికి వరసగా అమలు చేస్తుంది. పేరు నమూనా ముందు, డిలీట్ చివర ఉండాలి. డిలీట్‌ను ముందు రాసి పేరు తర్వాత రాస్తే, పేరు చూడకముందే ప్రతి ఫైలునూ తీసేస్తుంది. ఎర్రర్ రాదు, ఏమీ అడగదు. ఫలానా ఫోల్డర్‌ను వదిలేయమని ప్రూన్ పెట్టినా, డిలీట్‌తో కలిస్తే దానికి విలువ ఉండదు. డిలీట్ ఉన్నప్పుడు ఫైండ్ అడుగు నుంచి పైకి వస్తుంది కాబట్టి వదిలేయాల్సిన చోటికి ముందే వెళ్ళిపోయి ఉంటుంది. సైజుతో వెతికేటప్పుడు ఒక ఎంబీ కన్నా తక్కువ అని మైనస్ ఒకటి, ఎమ్ అని రాస్తే సున్నా బైట్ల ఫైళ్ళే వస్తాయి, ఎందుకంటే సైజును పై ఎంబీకి సవరించి లెక్కపెడుతుంది.

కాబట్టి ఫైండ్‌ను వెతకడానికి వాడండి, తీసేయడం డైర్డ్‌కో విడిర్‌కో వదిలేయండి. ఖాళీ ఫోల్డర్ల విషయంలో మాత్రం ఫైండ్ డిలీట్ సౌకర్యంగానే ఉంటుంది, ఒకదానిలో ఒకటిగా ఉన్న ఖాళీలు కూడా ఒకే దెబ్బకు పోతాయి. ఖాళీ ఫోల్డర్ ఉంటేనే నడిచే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయని గుర్తుంచుకోండి. లాగ్స్ ఫోల్డర్ లేదని మొరాయించే సర్వర్లు తెలిసినవే.

గిట్ రిపాజిటరీ అయితే ముందు గిట్ క్లీన్ చూడండి. ఎన్ ఆప్షన్‌తో ఏమేం పోతాయో జాబితా మాత్రమే చూపిస్తుంది. డి చేర్చితే ఫోల్డర్లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పెద్ద ఎక్స్ చేర్చితే గిట్ ఇగ్నోర్‌లో ఉన్నవి మాత్రమే, చిన్న ఎక్స్ అయితే ఇగ్నోర్‌లో ఉన్నవీ లేనివీ కలిపి. పాస్‌వర్డులు, కీలు ఉండే డాట్ ఎన్వ్ ఫైలు సాధారణంగా ఇగ్నోర్‌లోనే ఉంటుంది, అంటే ఏ ఎక్స్ అయినా దాన్ని ఊడ్చేస్తుంది. గిట్‌లో ఎప్పుడూ చేరని ఫైలు కాబట్టి గిట్ దాన్ని వెనక్కి ఇవ్వలేదు. ఈమాక్స్‌లో మ్యాజిట్ (ఈమాక్స్‌లోంచి గిట్ నడిపే ప్యాకేజీ) ఉన్నవాళ్ళు అన్‌ట్రాక్డ్ (గిట్‌లో చేరని ఫైళ్ళ) వరస మీద కె నొక్కి ఇదే పని చేయొచ్చు. అది డిఫాల్ట్‌గానే ట్రాష్‌లోకి పంపుతుంది, డైర్డ్ కన్నా ఈ విషయంలో దయగలది.

పేర్లు తెలుగులో ఉంటే

తెలుగు పేర్లతో ఫైళ్ళు ఉంచుకునేవాళ్ళకు ఎంపిక కొంచెం మారుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు ఒక్కోటీ ఒక సంకేతం) మూడు బైట్లు. స్త్రీ అనే ఒక్క అక్షరంలోనే ఆరు సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరు హద్దు మామూలుగా 255 బైట్లు, అంటే గరిష్ఠంగా 85 తెలుగు సంకేతాలు.

పేర్లు కనబడకపోవడం అంతకన్నా పెద్ద తలనొప్పి. గిట్ డిఫాల్ట్‌గా తెలుగు పేర్లను \340\260 లాంటి అంకెల వరసగా చూపిస్తుంది. కోర్ కోట్‌పాత్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే తెలుగులో వస్తాయి. ఈమాక్స్ ఫైండ్-డైర్డ్‌లో కూడా ఇదే గోల, ఎందుకంటే అది ఫైండ్ సొంత ఎల్ఎస్ ఆప్షన్‌ను వాడుతుంది, అది ఇంగ్లిష్ అక్షరాలు కానివాటిని అంకెలుగా మార్చేస్తుంది. ఫైండ్-ఎల్ఎస్-ఆప్షన్ అనే వేరియబుల్‌లో, ఫైండ్ ఎగ్జెక్ ద్వారా అసలు ఎల్ఎస్ కమాండ్‌నే నడిపేలా మార్చుకుంటే పేర్లు చక్కగా కనిపిస్తాయి. పేరు చదవలేనప్పుడు డిలీట్ చేయడం కళ్ళు మూసుకుని చేసినట్టే, అందుకే ముందు ఇది సరిచేసుకోవాలి.

టెర్మినల్లో నడిచే విమ్‌లో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించడం మామూలే. కానీ దానికో లాభం ఉంది. పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా పెట్టే కనిపించని గుర్తు ఒక పేరులో ఉండి ఇంకో పేరులో లేకపోతే, చూపుకు రెండు పేర్లూ ఒకటే, డిస్క్‌కు మాత్రం వేర్వేరు ఫైళ్ళు. విమ్ ఆ గుర్తును కోణపు బ్రాకెట్ల మధ్య ఒక కోడ్‌గా బయటపెడుతుంది. అలాంటి జంట కనిపిస్తే డూప్లికేట్ అని ఒకటి తీసేయకుండా సైజు, తేదీ చూడాలి. డైర్డ్ జాబితాలో ఆ రెండూ పేరు పక్కనే ఉంటాయి. తెలుగు పేర్ల ఫోల్డర్లకు ఏది వాడాలంటే, అందువల్ల, గ్రాఫికల్ ఈమాక్స్ అని చెబుతాను. 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే, అక్షరాలను అతికే లైబ్రరీతో వస్తోంది కాబట్టి ఒత్తులు కూడా సరిగ్గా పడతాయి.

మరి ఈమాక్స్ రానివాళ్ళు ఈ ఒక్క పని కోసం నేర్చుకోవాలా? రోజూ వందల ఫైళ్ళతో కుస్తీ పట్టేవాళ్ళయితే నేర్చుకోవచ్చు, డైర్డ్ కోసమే ఈమాక్స్ తెరిచేవాళ్ళు ఉన్నారు. నెలకోసారి ఊడ్చుకునేవాళ్ళకు విడిర్ చాలు, నేర్చుకోవడానికి పావుగంట పట్టదు. ట్రాష్ లేదన్న భయం ఉంటే ముందు ఆ ఫోల్డర్‌ను టార్ చేసి (ఒకే ఆర్కైవ్ ఫైలుగా కట్టి) పక్కన పెట్టుకోండి.

ఒకసారి ఊడ్చాక, కొత్త చెత్త ఊరంతా చిమ్మకుండా చూసుకునే సెట్టింగులు రెండు ఎడిటర్లలోనూ ఉన్నాయి. ఈమాక్స్‌లో బ్యాకప్-డైరెక్టరీ-అలిస్ట్ అనే వేరియబుల్‌కు ఒక ఫోల్డర్ ఇస్తే ~ కాపీలన్నీ అక్కడికే చేరతాయి. విమ్‌లో బ్యాకప్‌డిర్, స్వాప్ ఫైళ్ళకు డైరెక్టరీ అనే ఆప్షన్. విమ్‌లో దారి చివర రెండు స్లాష్‌లు పెట్టడం మరిచిపోకండి. అలా పెడితే స్వాప్ పేరులో మొత్తం దారి చేరుతుంది, వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న రెండు ఫైళ్ళ స్వాప్‌లు ఒకదాన్నొకటి గుద్దుకోవు.